మొదటి అరగంట

వడదెబ్బతో స్పృహ తప్పిన మనిషికి ముందు కావలసింది చల్లటి నీళ్ల తొట్టి. అంబులెన్సు, సెలైన్, స్కానింగ్ అన్నీ దాని తర్వాతే.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున ఫాల్మత్ అని ఓ చిన్న ఊరుంది. అక్కడ ఏటా ఆగస్టులో ఏడు మైళ్ల పరుగు పందెం జరుగుతుంది. వేలమంది పరుగెత్తుతారు. నెత్తిన ఎండ, గాలిలో తేమ. గమ్యం చేరేసరికి కొందరు తూలిపోతారు. మాట తడబడుతుంది, తామెక్కడున్నదీ తెలియదు. పద్దెనిమిదేళ్ల పందేల రికార్డులను పరిశోధకులు తిరగేస్తే అలా వడదెబ్బ తగిలినవాళ్లు 274 మంది తేలారు. ఒంటి లోపలి వేడి సగటున 41 డిగ్రీల సెల్సియస్ దాటినవాళ్లు వీళ్లు. మన జ్వరం లెక్కలో చెప్పాలంటే 106 మీద. ఆ 274 మందిలో చనిపోయినవాళ్లు ఒక్కరు కూడా లేరు.

2015 మే నెల ఆఖరి రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ వేసవి వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వెయ్యి దాటింది. తెలంగాణలో ఐదువందలు దాటింది. అంతకు పన్నెండేళ్ల ముందు, 2003 వేసవిలో, ఉమ్మడి రాష్ట్రంలో పోయినవాళ్లు మూడు వేల పైచిలుకు. ఇవన్నీ ప్రభుత్వ పుస్తకాలకెక్కిన లెక్కలు. రేకుల ఇంట్లో మంచం మీదే కన్నుమూసి, 'వయసైపోయింది, గుండె ఆగింది' అని అందరూ సరిపెట్టుకున్న పెద్దవాళ్లు వీటిలో లేరు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం పూర్తిగా న్యాయం కాదని ఒప్పుకోవాలి. ఫాల్మత్‌లో పరుగెత్తినవాళ్లు ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు. మన దగ్గర పోయినవాళ్లలో చాలామంది వృద్ధులు, అరకొర తిండితో ఎండలో పనిచేసిన కూలీలు, ముందునుంచే బీపీ, షుగరు ఉన్నవాళ్లు. ముసలి ఒంటికి అదే దెబ్బ ఎక్కువ తగులుతుంది. అయితే ఈ తేడా తీసేసినా ఇంకో పెద్ద తేడా మిగిలిపోతుంది. ఫాల్మత్‌లో గమ్యం గీత పక్కనే గుడారం వేసి, ఐసు కలిపిన నీళ్లతో తొట్లు నింపి ఉంచారు. పడిపోయినవాళ్లను నిమిషాల్లో ఆ నీళ్లలో దింపారు. మన దగ్గర పడిపోయినవాళ్లను వేడెక్కిన ఆటోలో వేసి, నలభై కిలోమీటర్ల అవతల ఉన్న ఆసుపత్రికి బయల్దేరదీస్తున్నాం. అంతసేపూ ఒళ్లు కాలుతూనే ఉంటుంది.

నలభై దాటాక ఒంట్లో జరిగేది

మన ఒంటికి వేడిని వదిలించుకునే ప్రధాన మార్గం చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో క్యాలరీల వేడిని తీసుకుపోతుంది. రోహిణి కార్తెలో రామగుండంలోనో, రెంటచింతలలోనో బయటి గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు ఈ ఒక్క తలుపే తెరిచి ఉంటుంది. నీళ్లు చాలక చెమట తగ్గినా, గాలిలో తేమ పెరిగి చెమట ఆరకపోయినా ఆ తలుపు మూసుకుంటుంది. అప్పుడు గుండె చర్మం వైపు మరింత రక్తం తోస్తుంది. ఆ మేరకు పేగులకు రక్తం తగ్గుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది. వేడికి, రక్తం చాలకపోవడానికి పేగుల గోడలు పట్టు వదిలేస్తాయి. లోపల ఉండాల్సిన సూక్ష్మజీవుల విషాలు రక్తంలోకి కారతాయి. ఒళ్లంతా వాపు చర్య రాజుకుంటుంది. రక్తం చిన్నచిన్న నాళాల్లో గడ్డకడుతుంది, అదే సమయంలో ఇంకోచోట రక్తస్రావం జరుగుతుంది. కండరాలు కరిగి ఆ చెత్త కిడ్నీలకు అడ్డుపడుతుంది. కాలేయం దెబ్బతింటుంది. మెదడులో చిన్నమెదడు కణాలు వేడికి అన్నిటికన్నా ముందు లొంగిపోతాయి. బతికి బయటపడినవాళ్లలో కొందరికి నడక తూలడం, మాట ముద్దగా రావడం ఏళ్లతరబడి మిగిలిపోయేది అందుకే.

డాక్టర్లు దీన్ని గుర్తుపట్టే కొలతలు రెండే. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్, దాటి ఉండటం. దానితోపాటు మెదడు తేడా చేయడం: అయోమయం, పొంతన లేని మాటలు, కోపంగా తిరగబడటం, ఫిట్స్, స్పృహ తప్పడం. నీరసం, తలనొప్పి, వాంతి మాత్రమే ఉండి మనిషి మాట సవ్యంగా ఉంటే నీడకు చేర్చి, ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో పట్టిస్తే చాలావరకు తేరుకుంటాడు. మాట తేడా వచ్చిందంటే లెక్క మారిపోయినట్టే. అక్కడినుంచి ప్రతి నిమిషానికీ ఖరీదుంటుంది.

చెమట గురించి ఒక పొరపాటు నమ్మకం ఆసుపత్రుల్లో కూడా కనిపిస్తుంది. ఒళ్లు పొడిగా ఉంటేనే వడదెబ్బ అనుకుంటారు. ఇంట్లో ఉడికిపోయిన వృద్ధుల విషయంలో అది చాలాసార్లు నిజం. తాపీ పని చేస్తూ, ధాన్యం బస్తాలు మోస్తూ, పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్షలో పడిపోయిన కుర్రాళ్ల ఒళ్లు మాత్రం చెమటతో తడిసి ముద్దై ఉండొచ్చు. తడి ఒళ్లు చూసి ఇది వడదెబ్బ కాదని పక్కన పడుకోబెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఎంత వేడి పెరిగిందన్నదానికన్నా, ఆ వేడిలో ఎంతసేపు ఉన్నారన్నదే బతుకును నిర్ణయిస్తుంది. 42 డిగ్రీలకు చేరి పదిహేను నిమిషాల్లో దిగివచ్చిన మనిషి నడిచి ఇంటికి వెళ్లొచ్చు. 41 దగ్గర రెండు గంటలు ఉండిపోయిన మనిషి పది రోజులు ఐసీయూలో ఉండి కూడా దక్కకపోవచ్చు. వైద్య ప్రపంచం ఇప్పుడు పెట్టుకున్న గురి ఇది: పడిపోయిన అరగంటలోపు ఒంటి వేడిని 39 డిగ్రీల కిందికి, అంటే 102 దరిదాపులకు తేవాలి. ఆలస్యం ఏం చేస్తుందో షికాగో చూసింది. 1995 జులైలో ఆ నగరాన్ని వడగాలులు కమ్మేసినప్పుడు ఐసీయూల్లో చేరిన 58 మందిని డాక్టర్లు ఏడాదిపాటు గమనించారు. ఆసుపత్రిలోనే 21 శాతం మంది చనిపోయారు. ఏడాది తిరిగేలోపు మరో 28 శాతం మంది పోయారు. ఇంటికి వెళ్లేనాటికే ముగ్గురిలో ఒకరు తమ పనులు తాము చేసుకోలేని స్థితిలో ఉన్నారు. అత్యాధునిక యంత్రాలున్న నగరంలో జరిగిన సంగతి ఇది.

మెడదాకా ముంచడం

నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఐసు కలిపిన నీళ్లలో మెడదాకా ఉంచి, నీటిని కలియతిప్పుతూ ఉంటే నిమిషానికి 0.2 డిగ్రీలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ దిగుతుంది. అంటే అయిదు నిమిషాలకో డిగ్రీ. 42 దగ్గర ఉన్న మనిషి పావుగంటలో 39కి వస్తాడు. చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర ఐసు సంచులు పెట్టి ఊరుకుంటే ఆ వేగంలో చిన్న భాగమే వస్తుంది. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా జరిగేది మాత్రం ఇదే. ఆ సంచులు అదనపు సాయం మాత్రమే. వాటినే వైద్యం అనుకుంటే అరగంట చేజారిపోతుంది.

చన్నీళ్లలో ముంచితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుందని, వణుకు పుట్టి వేడి ఇంకా పెరుగుతుందని పాత పాఠాల్లో చెప్పేవారు. ఆ భయంతో పెరిగిన డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. ఒళ్లు 41 మీద కాలుతున్న మనిషి విషయంలో ఆ భయం నిలవలేదు. నాళాలు కొంత ముడుచుకున్నా, నీరు లాగేసే వేడి ముందు అది లెక్కకు రాదు. ఫాల్మత్ రికార్డులే అందుకు సాక్ష్యం.

మరి ఐసు లేకపోతే? అంతర్జాతీయ ప్రథమ చికిత్స నిపుణులు పరిశీలించిన నీటి వేడి 1 నుంచి 26 డిగ్రీల దాకా ఉంది. ఐసునీళ్లంత వేగం రాకపోయినా మామూలు చల్లనీళ్లూ పనిచేస్తాయి. ఇక్కడ మన ఎండల్లో ఒక చిక్కుంది. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీది నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. కుళాయి తిప్పి ఆ నీళ్లు పోస్తే లాభం లేదు. భూమిలోని సంపులోంచో, బావిలోంచో, కుండల్లోంచో తేవాలి.

తొట్టి దొరకని చోటికి మరో ఉపాయం ఉంది. ఒక టార్పాలిన్ పరిచి, దాని మధ్యలో మనిషిని పడుకోబెట్టి, నలుగురైదుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, లోపల నీళ్లు, ఐసు పోసి మెల్లగా అటూ ఇటూ ఊపుతారు. సైన్యాల్లో, ఆటల మైదానాల్లో పరీక్షించి చూసిన పద్ధతి ఇది. ఇది చదివినప్పుడు నాకు మన కొనుగోలు కేంద్రాలు కళ్లకు కట్టాయి. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు కుప్పపోసి, తూకం కోసం రోజుల తరబడి ఎండలో కాపలా కాసే రైతుల్లో ఎవరో ఒకరు వడదెబ్బకు కూలిపోయారన్న వార్త లేని ఏడాది అరుదు. ఆ రైతు పడిపోయిన చోటనే వడ్ల మీద కప్పడానికి టార్పాలిన్ పట్టా ఉంటుంది. చుట్టూ పట్టుకోవడానికి మనుషులుంటారు. కూల్‌డ్రింక్ షాపులో ఐసు ఉంటుంది. లేనిదల్లా ఇలా చేయాలన్న సంగతి తెలియడమే.

అమెరికాలో కొన్ని ఆసుపత్రులు ఇంకో అడుగు వేశాయి. శవాలను తరలించే జిప్పు సంచిలో ఐసు, నీళ్లు నింపి, బతికున్న రోగిని మెడదాకా అందులో పడుకోబెట్టాయి. వినడానికి అపశకునంలా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఎనభై దాటిన ఓ వృద్ధురాలికి ఇలా చేస్తే పది నిమిషాల్లో రెండు డిగ్రీలు దిగి ఆమె బతికింది. వృద్ధులకు ఐసునీళ్లు పడవన్న భయానికి ఇది మంచి జవాబు. ఎడారి నగరం ఫీనిక్స్‌లో 2023 వేసవిలో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటాయి. మరుసటి ఏడాది నుంచి అక్కడి అగ్నిమాపక దళం అంబులెన్సుల్లోనే మనిషి పట్టే అలాంటి ఐసు సంచులు పెట్టుకుంది. రోగిని ఎక్కించగానే చల్లార్చడం మొదలవుతుంది, బండి ఆసుపత్రికి చేరేసరికి సగం పని అయిపోతుంది.

మక్కాలో వలమంచం

గాలి, తడి కలిపి చల్లార్చే పద్ధతికి పెద్ద ప్రయోగశాల మక్కా. హజ్ యాత్ర ఎండాకాలంలో వచ్చిన ఏళ్లలో అక్కడ వడదెబ్బ కేసులు వందల్లో వస్తాయి. ముస్తఫా ఖోగలీ, జె.ఎస్.వైనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వలమంచం తయారుచేసి, 1980లో లాన్సెట్ వైద్య పత్రికలో దాని ఫలితాలు రాశారు. రోగిని ఆ వల మీద పడుకోబెట్టి 15 డిగ్రీల నీటిని మంచులా చల్లుతారు. చుట్టూ 45 డిగ్రీల వేడిగాలి ఊదుతారు. వేడిగాలి ఎందుకని అనిపిస్తుంది. చర్మం మరీ చల్లబడి వణుకు పుట్టకుండా ఉండటానికి, చల్లిన తడి వేగంగా ఆవిరవడానికి. ఎంతో ఆలోచించి చేసిన పని అది. హైదరాబాద్, కర్నూలు, గుంటూరుల నుంచి వెళ్లే మన యాత్రికులకు కూడా ఆ వైద్యం అవసరపడే రోజులొచ్చాయి. 2024 జూన్‌లో మక్కాలో ఎండ 51 డిగ్రీలు దాటింది. ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది.

తడి గుడ్డ, ఫ్యాను కూడా ఇదే సూత్రం. మన దగ్గర ఎక్కువమందికి అందుబాటులో ఉండేది అదే కాబట్టి దాని హద్దు తెలుసుకోవాలి. అనంతపురం, ఆదిలాబాద్, నిజామాబాద్ లాంటి చోట్ల గాలి పొడిగా ఉంటుంది. ఒంటిమీద బట్టలు తీసేసి, పలచటి గుడ్డ తడిపి కప్పి, దాని మీద నీళ్లు చల్లుతూ పెద్ద ఫ్యాను పెడితే పది, ఇరవై నిమిషాలకో డిగ్రీ దిగుతుంది. మచిలీపట్నం, కాకినాడ, విజయవాడలలో ఉక్కపోతగా ఉన్న రోజున ఆ తడి ఆరదు. ఆరకపోతే వేడి పోదు. కోస్తా ఆసుపత్రులకు తొట్టి, ఐసు మరింత అవసరం. చేపలు, రొయ్యల కోసం ఐసు ఫ్యాక్టరీలు ఊరికొకటి ఉన్నది కూడా అక్కడే కావడం కలిసొచ్చే విషయం.

ఆసుపత్రి గుమ్మం దాటాక

స్పృహ లేని మనిషిని ఎండాకాలం మధ్యాహ్నం అత్యవసర విభాగానికి తెచ్చారనుకుందాం. మొదటి నిమిషంలో చూడాల్సినవి ఊపిరి, నాడి, రక్తంలో చక్కెర. వెంటనే లోపలి వేడి కొలవాలి. నుదుటికి గురిపెట్టే తుపాకీ థర్మామీటరు కోవిడ్ కాలంలో అందరికీ అలవాటైంది. దాన్ని ఇక్కడ నమ్మకూడదు. చెమట పట్టిన నుదురు, చంక, నోరు మూడూ అబద్ధం చెబుతాయి. నుదుటి మీద 100 చూపించిన మనిషికి లోపల 105 ఉండొచ్చు. మలద్వారంలో పెట్టి చూసే థర్మామీటరే దిక్కు. సిబ్బందికి మొహమాటం, బంధువులకు ఇబ్బంది. ఒక తెర కట్టి, ఎందుకు చేస్తున్నామో ఇంటివాళ్లకు ఒక్క మాట చెబితే ఆ ఇబ్బంది తీరిపోతుంది.

40 దాటిందని తేలితే మరి దేనికీ ఆగకూడదు. స్పృహ లేని మనిషి జ్వరంతో వస్తే మన దగ్గర మలేరియా పరీక్ష, మెదడు జ్వరం అనుమానం, వెంటనే తలకు స్కానింగ్ రాస్తారు. అవి అనవసరమని అనను. వేసవిలో కూడా మెదడు జ్వరం వస్తుంది. రక్తం తీయండి, పరీక్షకు పంపండి, ఆ పని జరుగుతుండగానే చల్లార్చడం సాగాలి. స్ట్రెచర్ మీద వరండాలో స్కానింగ్ కోసం క్యూలో ఉంచిన ముప్పై నిమిషాలే ఆ మనిషికి ఉన్న ముప్పై నిమిషాలు.

తొట్టిలో దించేటప్పుడు ఒకరు తల వెనక నిలబడాలి. చంకల కిందుగా మడతపెట్టిన దుప్పటి వేసి, రెండు కొసలూ పట్టుకుంటే మనిషి జారడు, తల నీళ్లలో మునగదు. వాంతులు, విరేచనాలు అవుతాయి, అవి చూసి కంగారుపడి బయటికి తీయకూడదు. పెనుగులాడినా, వణికినా డాక్టరు నరంలోకి మత్తు కలిగించే మందు కొద్దిగా ఇస్తారు. ఫిట్స్‌కూ అదే తరగతి మందు. ఊపిరి ఆడకపోతే, గొట్టం వేయాల్సి వస్తే, గుండె లయ తప్పితే తొట్టి బయటే, తడి దుప్పట్లు, ఐసు, ఫ్యాన్లతో పని సాగించాలి. ఐసునీళ్లలో ముంచి తీసిన తువ్వాళ్లు ఒళ్లంతా కప్పి, వేడెక్కగానే మారుస్తూ ఉండటం కూడా మంచి పద్ధతే. ఇద్దరు మనుషులు విసుగు లేకుండా చేయాలి.

39కి రాగానే ఆపాలి. ఇది మరవకూడదు. తొట్టిలోంచి తీశాక కూడా వేడి ఇంకొంచెం దిగుతుంది. మరీ కిందికి పోనిస్తే గుండెకు కొత్త ప్రమాదం. థర్మామీటరు లోపలే ఉంచి నిమిషనిమిషానికీ చూడాలనేది అందుకే. థర్మామీటరే లేని చోట పది, పదిహేను నిమిషాలు ముంచి, లేదా మనిషికి తెలివి వచ్చాక తీసి, అప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి.

సెలైన్ దగ్గరికి వద్దాం. పల్లెల్లో వడదెబ్బ అనగానే ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి సీసా ఎక్కించడం మనకు అలవాటు. నీరు ఇంకిపోయిన ఒంటికి సెలైన్ అవసరమే. కిడ్నీలను కాపాడటానికి ఆసుపత్రిలో అది తప్పనిసరి. కానీ అది ఒంటి వేడిని దించదు. చల్లటి సెలైన్ అయినా దించేది కాస్తే. గదిలో 41 డిగ్రీలతో కాలుతున్న మనిషికి సీసా తగిలించి, అది అయిపోయేదాకా చూద్దామని కూర్చుంటే కాలం కరిగిపోతుంది. పారాసెటమాల్ సూది కూడా అంతే. మామూలు జ్వరంలో మెదడే వేడిని పెంచి పెట్టుకుంటుంది, ఆ మందు దాన్ని దించమని చెబుతుంది. వడదెబ్బలో మెదడు పెంచింది ఏమీ లేదు, వేడి బయటినుంచి, కండరాలనుంచి వచ్చి చిక్కుకుపోయింది. మందుకు అక్కడ చేయగలిగిన పని లేదు. పైగా దెబ్బతిన్న కాలేయానికి పారాసెటమాల్, గడ్డకట్టడం దారితప్పిన రక్తానికి ఆస్పిరిన్ అదనపు బరువు. ఉల్లిపాయ రసం అరికాళ్లకు రుద్దడం, స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయడం కూడా మానుకోవాలి. మొదటిది సమయం తినేస్తుంది, రెండోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చల్లార్చాక మనిషి లేచి కూర్చుని పేరు చెబితే ఇంటికి పంపేయాలనిపిస్తుంది. కాలేయం, కిడ్నీ, ప్లేట్‌లెట్ల అసలు రంగు రెండో రోజు, మూడో రోజు బయటపడుతుంది. మూత్రం నల్ల టీ రంగులోకి తిరిగితే కండరాలు కరుగుతున్నట్టు. అందుకే కనీసం రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. కార్పొరేట్ ఆసుపత్రుల్లో రక్తనాళంలోకి గొట్టం వేసి చల్లార్చే యంత్రాలున్నాయి. ఆ తర్వాతి గంటల్లో వేడిని నిలకడగా ఉంచడానికి అవి పనికొస్తాయి. వాటిని అమర్చేలోపు తొట్టి తన పని ముగిస్తుంది.

ఢిల్లీ చేసింది, మనం చేయగలిగింది

2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత అధ్యయనం తేల్చింది. ఆ దెబ్బతో 2013లో ఆ నగరం వడగాలుల ప్రణాళిక తెచ్చింది, దక్షిణాసియాలో అదే మొదటిది. మన రెండు రాష్ట్రాలూ ఆ దారిలో నడిచాయి. చలివేంద్రాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉపాధి హామీ పని వేళల మార్పు, ఒంటిపూట బడులు, సెల్‌ఫోన్లకు హెచ్చరికలు. ఇవి ఎందరినో పడిపోకుండా ఆపుతాయి, వీటి మేలు కాదనలేం. పడిపోయినవాళ్ల సంగతి మాత్రం ఈ ప్రణాళికల్లో ఎప్పుడూ చివరి పేజీయే. 'వార్డులో ప్రత్యేక పడకలు' అని రాసి ఉంటుంది. పడక మీద పడుకోబెడితే ఒళ్లు చల్లబడదు.

ఢిల్లీలోని రామ్‌ మనోహర్ లోహియా ఆసుపత్రి 2024 మే నెలలో ఆ చివరి పేజీని ముందుకు తెచ్చింది. వడదెబ్బకే ప్రత్యేకంగా ఒక విభాగం తెరిచి, మనిషి పట్టే పింగాణీ తొట్లు, ఐసు తయారుచేసే యంత్రం, లోపలి వేడి కొలిచే థర్మామీటర్లు పెట్టింది.  వాళ్లు చేసిందల్లా వీటిని ఒక గదిలో ఒకచోట చేర్చి, ఎవరు ఏం చేయాలో ముందే నేర్పడం. జిల్లా ఆసుపత్రుల్లో వడదెబ్బ గదులు ఉండాలని కేంద్ర ఆరోగ్య శాఖ కూడా రాష్ట్రాలకు చెబుతూనే ఉంది.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇది సాధ్యమా అంటే, సాధ్యమే. టీకాల కోసం ప్రతి కేంద్రంలోనూ డీప్ ఫ్రీజరు ఉంటుంది. టీకాల పెట్టెను కదిలించమని అనడం లేదు, కరెంటు పోయినా చల్లదనం నిలిపే విద్య ఆ సిబ్బందికి కొత్త కాదని చెబుతున్నాను. పెళ్లిళ్లకు, చేపల బజారుకు ఐసు దిమ్మలు అమ్మేవాడు ప్రతి మండల కేంద్రంలో ఉన్నాడు. మార్చి నుంచి జూన్ దాకా రోజుకో దిమ్మ తెప్పించుకునే ఒప్పందం కష్టం కాదు. గాలి ఊది నింపే పెద్ద ప్లాస్టిక్ తొట్టి, ఒక డిజిటల్ థర్మామీటరు, నాలుగు దుప్పట్లు, ఒక స్టాండు ఫ్యాను. ఒక నర్సుకు, ఇద్దరు సహాయకులకు ఒక పూట శిక్షణ. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ మనకు గర్వకారణం. ఆ బండిలో వేసవి నాలుగు నెలలు ఒక ఐసు పెట్టె, ఒక టార్పాలిన్ ఉంచితే దారిలో పోయే నలభై నిమిషాలు వైద్యంగా మారతాయి.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ప్రకటించింది. అది సరైన పని. తిండి సంపాదించే మనిషి పోయిన ఇంటికి ఆ డబ్బు ఆసరా. అయితే ఆ నాలుగు లక్షలు అందాలంటే మనిషి చనిపోవాలి, అధికారులు అది వడదెబ్బే అని ధ్రువీకరించాలి. అదే డబ్బుతో ఒక మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రులన్నిటికీ తొట్లు, థర్మామీటర్లు, ఐసు పెట్టెలు సమకూరుతాయి. రెండూ చేయొచ్చు. ఇప్పటికి చేస్తున్నది ఒకటే.

కలెక్టర్లకు, జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం ఒక్కటే: వచ్చే మార్చిలో వడగాలుల సమీక్ష జరిగినప్పుడు ఎన్ని చలివేంద్రాలు తెరిచారని అడిగిన తర్వాత, ఎన్ని ఆసుపత్రుల్లో తొట్టి నింపి ఉందని కూడా అడగండి. ఇది చదువుతున్న మీరు ఎండలో ఎవరైనా పడిపోయి పొంతన లేకుండా మాట్లాడుతుంటే 108కి ఫోన్ చేయించండి. బండి వచ్చేదాకా ఆగకుండా ఆ మనిషిని నీడకు లాగి, పైబట్టలు తీసి, దొరికిన చల్లటి నీళ్లు ఒళ్లంతా పోస్తూనే ఉండండి.